గల్ఫ్‌లో మనవాళ్ళకు కష్టమొస్తే ఎవరిని అడగాలి? గోదావరి జిల్లాల నుంచి మళ్ళీ మళ్ళీ వచ్చే ప్రశ్నలు

రాజోలు, మలికిపురం, సఖినేటిపల్లి, అటు చించినాడ వంతెన దాటితే పాలకొల్లు, నరసాపురం. ఈ చుట్టుపక్కల ఏ వీధిలో అడిగినా కువైట్‌లోనో మస్కట్‌లోనో ఒక మనిషి ఉన్నారంటారు. మన ముత్తాతల కాలంలో కోరంగి, కాకినాడ రేవుల్లో ఓడెక్కి రంగం, అంటే రంగూన్ వెళ్ళేవారు. బర్మాలో తెలుగువాళ్ళకు కోరంగీలనే పేరే పడిపోయిందంటే ఎంతమంది వెళ్ళి ఉంటారో ఊహించుకోండి. అప్పుడు ఉత్తరం కోసం చూసేవారు, ఇప్పుడు వాట్సాప్‌లో రెండు టిక్కులు పడతాయేమోనని చూస్తున్నారు.

నేను కొన్నేళ్ళుగా ఇలాంటి కుటుంబాలకు అర్జీలు రాసిపెడుతున్నాను. వచ్చేవాళ్ళు మారుతున్నారు గానీ ప్రశ్నలు అవే. అందుకే ఒకచోట రాసి పెడుతున్నాను. ఏ జవాబుకు ఆ జవాబు విడిగా చదువుకోవచ్చు. ఫీజులు, రూల్సు మారుతుంటాయి కాబట్టి డబ్బు కట్టే ముందు విదేశాంగ శాఖవాళ్ళ ఈ-మైగ్రేట్ సైటులో ఒకసారి సరిచూసుకోండి.

## బయల్దేరే ముందు

మా ఊళ్ళో ఏజెంటు తనకు లైసెన్సు ఉందంటున్నాడు. నిజమో కాదో ఎలా తెలుస్తుంది?

1983 నాటి వలసల చట్టం ప్రకారం విదేశాంగ శాఖ దగ్గర రిజిస్టరైన ఏజెంటు మాత్రమే విదేశీ పనులకు మనుషుల్ని పంపాలి. రిజిస్టరైన వాళ్ళందరి పేర్లూ ఈ-మైగ్రేట్ సైటులో ఉంటాయి. లైసెన్సు నంబరు అడిగి, అక్కడ వెతికి, గడువు ముగియలేదని చూసుకోండి. "మాది హైదరాబాద్ కంపెనీకి సబ్ ఏజెన్సీ" అని చెప్పేవాళ్ళు ఊరికి ఇద్దరు ముగ్గురు ఉంటారు. సబ్ ఏజెంటు అనేవాడికి చట్టంలో చోటు లేదు. మీకు తెలిసినవాడే కావచ్చు, వరసకు బావే కావచ్చు, నంబరు మాత్రం అడగండి. నంబరు అడిగితే కోపం తెచ్చుకునే మనిషికి పాస్‌పోర్టు ఇవ్వకండి.

ఏజెంటుకు ఎంత ఇవ్వాలి? మా దగ్గర లక్షన్నర అడుగుతున్నారు.

రిజిస్టరైన ఏజెంటు సర్వీసు చార్జీ కింద గరిష్ఠంగా రూ. 30,000, దాని మీద 18 శాతం జీఎస్టీ తీసుకోవచ్చు. మొత్తం రూ. 35,400. దానికి రసీదు ఇవ్వాలి. ఇంటిపని వీసాకు అక్కడి యజమానే ఖర్చు పెట్టుకుంటాడు, అంటే మీ దగ్గర వసూలు చేసే లక్షన్నరలో చాలా భాగం మధ్యవాళ్ళ జేబుల్లోకే పోతుంది. ఎంత ఇచ్చినా ఫోన్‌పేలోనో బ్యాంకు ద్వారానో ఇవ్వండి. చేతికిచ్చిన డబ్బుకు సాక్ష్యం ఉండదు, రేపు స్టేషన్‌కు వెళ్తే మొదట అడిగేది అదే.

పాస్‌పోర్టులో ఈసీఆర్ అని ఉంది. దాని అర్థమేంటి?

ఎమిగ్రేషన్ చెక్ రిక్వైర్డ్, అంటే పనికి వెళ్ళే ముందు వలస తనిఖీ కావాలని. పదో తరగతి పాసైన రుజువు చూపించనివాళ్ళకు సాధారణంగా ఈసీఆర్ పాస్‌పోర్టు వస్తుంది. అలాంటివాళ్ళు కువైట్, సౌదీ, ఒమాన్, ఖతర్, యూఏఈ, బహ్రెయిన్, మలేషియా వంటి 18 దేశాలకు పనికి వెళ్ళాలంటే ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ అనే ప్రభుత్వ అధికారి నుంచి అనుమతి ఉండాలి. దీన్ని అడ్డంకిగా చూసేవాళ్ళే ఎక్కువ. నేను మాత్రం ఇది మీకు కంచె లాంటిదంటాను. ఈ అనుమతి రావాలంటే యజమాని పేరు, జీతం, ఒప్పందం ముందే ప్రభుత్వం దగ్గర నమోదవ్వాలి. రేపు మనిషి కనిపించకపోతే వెతకడానికి ఒక చిరునామా ఉంటుంది. పది పాసైతే ఆ సర్టిఫికెట్ పెట్టి పాస్‌పోర్టును ఈసీఆర్ లేకుండా మార్పించుకోవచ్చు.

మా చెల్లికి 26 ఏళ్ళు. ఇంటిపనికి కువైట్ పంపొచ్చా?

ఈసీఆర్ పాస్‌పోర్టు ఉన్న ఆడవాళ్ళు ఆ 18 దేశాలకు పనికి వెళ్ళాలంటే 30 ఏళ్ళు నిండాలి. 30 దాటినా ప్రైవేటు ఏజెంటు పంపడానికి వీల్లేదు. 2016 నుంచి ఈ బాధ్యత ప్రభుత్వ సంస్థలదే, మన రాష్ట్రంలో ఓంక్యాప్ అలాంటిదే. వయసు పెంచి పాస్‌పోర్టు తీయిస్తామని ఎవరైనా అంటే వద్దనండి. తప్పుడు వివరాలతో పాస్‌పోర్టు తీసుకోవడం నేరం, ఆ కేసు ముందుగా మీ చెల్లి మీదే పడుతుంది.

విజిట్ వీసా మీద వెళ్ళి అక్కడ మార్చుకోవచ్చట. పర్వాలేదా?

మన దగ్గర కన్నీళ్ళలో సగం ఈ ఒక్క మాట వల్లే. విజిట్ వీసా మీద వెళ్తే వలస అనుమతి అడగరు, ఏజెంటుకు కావలసింది అదే. దుబాయ్‌లోనో మస్కట్‌లోనో దిగాక ఒక ఆఫీసులో కూర్చోబెడతారు. యజమానులు వచ్చి చూసి తీసుకెళ్తారు. నచ్చలేదని వెనక్కి పంపితే ఆ ఆఫీసువాళ్ళు మళ్ళీ ఇంకో ఇంటికి పంపుతారు. ఒప్పందం మీద సంతకం ఉండదు, ఇన్సూరెన్సు ఉండదు, వీసా గడువు దాటితే రోజుకింత జరిమానా పడుతుంది. అన్నిటికంటే ముఖ్యం, ఆ మనిషి ఏ ఇంట్లో ఉందో మన ప్రభుత్వం కాగితాల్లో ఎక్కడా ఉండదు. ఎయిర్‌పోర్టులో "చుట్టాలింటికి వెళ్తున్నానని చెప్పు" అని ఎవరైనా నేర్పిస్తుంటే అక్కడినుంచే ఇంటికి వచ్చేయండి. పోయిన డబ్బు పోనీ.

మా అమ్మాయి బీఎస్సీ నర్సింగ్ చదివింది. తనకు కూడా ఈ రూల్సు ఉంటాయా?

ఉంటాయి. 2015 మే 30 నుంచి ఆ 18 దేశాలకు వెళ్ళే నర్సులు చదువుతో సంబంధం లేకుండా ఈ-మైగ్రేట్ అనుమతి తీసుకోవాలి, అది కూడా గుర్తింపు ఉన్న ప్రభుత్వ సంస్థల ద్వారా. ఇంగ్లండ్, జర్మనీ లాంటి దేశాలకు ఈ నిబంధన లేదు.

ఇంట్లో ఏ కాగితాలు పెట్టి వెళ్ళాలి?

సఖినేటిపల్లి వైపు నుంచి ఒకావిడ వచ్చారు. కోడలి నుంచి ఐదు నెలలుగా ఫోన్ లేదు. జాకెట్టులోంచి చిన్న పర్సు తీసి, అందులో ఎనిమిది మడతలు పెట్టిన పాస్‌పోర్టు జిరాక్సు విప్పారు. మడత సరిగ్గా నంబరు మీద పడింది. చెమటకు ఇంకు చెరిగిపోయి మూడు అంకెలు కనిపించలేదు. యజమాని పేరు తెలీదు, ఊరు తెలీదు, "కువైట్‌లో పెద్ద మేడ" అన్నారు. ఆ మూడు అంకెల కోసం పది రోజులు తిరిగాం. చివరికి టికెట్ బుక్ చేసిన కుర్రాడి ఫోన్‌లో పాత ఫొటో ఉంటే దొరికింది.

అందుకని పాస్‌పోర్టు మొదటి, చివరి పేజీలు, వీసా, ఒప్పందం, టికెట్, ఇన్సూరెన్సు పాలసీ, ఏజెంటుకు కట్టిన డబ్బు రసీదు, అన్నీ ఫోన్‌తో ఫొటో తీసి ఇంట్లో కనీసం ఇద్దరి వాట్సాప్‌లో పెట్టండి. అక్కడికి చేరిన మొదటి వారంలో సివిల్ ఐడీ (అక్కడి గుర్తింపు కార్డు) ఫొటో, యజమాని పేరు, ఫోన్ నంబరు, ఇంటి లొకేషన్ పంపించమని చెప్పండి. జిరాక్సు తీస్తే మడవకుండా ప్లాస్టిక్ ఫైల్లో పెట్టండి.

పచ్చళ్ళు, పొడులు, మందులు పంపొచ్చా?

ఆవకాయ, సున్నుండలు, పూతరేకులు పంపొచ్చు. గసగసాలు మాత్రం గింజ కూడా వద్దు. మనకు అది కూరలో వేసుకునే మసాలా, యూఏఈ, సౌదీ లాంటి చోట్ల అది మాదకద్రవ్యాల జాబితాలో ఉన్న వస్తువు. గసగసాలు కలిపిన మసాలా పొడి కూడా వద్దు. ట్రమడాల్, కోడీన్ ఉన్న నొప్పుల మందులు, కొన్ని నిద్రమాత్రలు కూడా ప్రమాదమే. షుగర్, బీపీ మందులైతే డాక్టరు చీటీ, బిల్లుతో, అసలు ప్యాకింగులోనే తీసుకెళ్ళండి. ఊళ్ళోవాళ్ళు "మావాడికి ఇవ్వు" అని అతికించిన పొట్లం ఇస్తే విప్పి చూడకుండా పెట్టెలో పెట్టకండి. మొహమాటానికి పోయి జైలుకెళ్ళినవాళ్ళున్నారు.

ఇన్సూరెన్సు తప్పనిసరా? ఎంత కట్టాలి?

ఈసీఆర్ పాస్‌పోర్టుతో పనికి వెళ్ళేవాళ్ళకు ప్రవాసీ భారతీయ బీమా యోజన తప్పనిసరి. రెండేళ్ళకు రూ. 275, మూడేళ్ళకు రూ. 375. ప్రమాదంలో చనిపోయినా, శాశ్వతంగా అంగవైకల్యం వచ్చినా రూ. 10 లక్షలు వస్తాయి. ఆసుపత్రి ఖర్చుకు, పనికి సంబంధించిన కోర్టు ఖర్చుకు కూడా కొంత ఉంటుంది. గుండెపోటు లాంటి సహజ మరణానికి ఆ పది లక్షలు రావు, ఇది చాలామందికి చివర్లో గానీ తెలీదు. ప్రవాసాంధ్రుల కోసం రాష్ట్ర ప్రభుత్వం పెట్టిన ఏపీఎన్ఆర్‌టీ సొసైటీ ద్వారా ప్రవాసాంధ్ర భరోసా అనే బీమా కూడా ఉంది. నామినీ పేరు ఆధార్‌లో ఉన్నట్టే రాయించండి.

థాయిలాండ్‌లో డేటా ఎంట్రీ ఉద్యోగం, నెలకు 80 వేలు అంటున్నారు. వెళ్ళమంటారా?

డిగ్రీ చదివి ఖాళీగా ఉన్న పిల్లలున్న ఇళ్ళల్లో ఈ ప్రశ్న ఎక్కువగా వస్తోంది. థాయిలాండ్ అని చెప్పి సరిహద్దు దాటించి మయన్మార్‌లోని మ్యావడ్డీకి, లేదా కంబోడియాకు, లావోస్‌కు తీసుకెళ్తారు. పెద్ద గోడల మధ్య కూర్చోబెట్టి మనవాళ్ళనే ఫోన్లలో, ఆన్‌లైన్‌లో మోసం చేయిస్తారు. చేయనంటే కొడతారు, వదలాలంటే డబ్బు కట్టమంటారు. 2025 మార్చిలో విదేశాంగ శాఖ వాయుసేన విమానాలు పంపి రెండు రోజుల్లో 549 మందిని థాయిలాండ్‌లోని మేసాట్ నుంచి తీసుకొచ్చింది, అందులో తెలుగు పిల్లలూ ఉన్నారు. ఇంటర్వ్యూ టెలిగ్రామ్‌లో చేసి, టైపింగ్ స్పీడు తప్ప ఏమీ అడగకుండా, టికెట్ వాళ్ళే పెట్టుకుంటామంటే అనుమానించండి. కంపెనీ పేరు పెట్టి ఆ దేశంలోని మన ఎంబసీకి ఒక ఈమెయిల్ పంపి అడగండి. పైసా ఖర్చు కాదు.

## పనిలో చేరాక

పాస్‌పోర్టు బాబా (ఇంటి యజమాని) దగ్గరే పెట్టుకున్నాడు. అడిగితే ఇవ్వడు. అది అతని హక్కా?

కాదు. 1967 పాస్‌పోర్టు చట్టం ప్రకారం పాస్‌పోర్టు ఎప్పటికీ భారత ప్రభుత్వ ఆస్తి. కువైట్ ఇంటిపనివాళ్ళ చట్టం కూడా యజమాని దాన్ని దగ్గర పెట్టుకోకూడదనే చెబుతుంది. అయినా చాలా ఇళ్ళల్లో బీరువాలో పెట్టి తాళం వేస్తారు. గొడవపడి లాక్కోవాలని చూడొద్దు, దొంగతనం కేసు పెట్టే ప్రమాదం ఉంది. ఎంబసీకి చెబితే వాళ్ళు యజమానిని పిలిచి అడుగుతారు. ఎంతకీ ఇవ్వకపోతే ఇంటికి రావడానికి ఎంబసీ వేరే పత్రం ఇవ్వగలదు. పాస్‌పోర్టు లేదు కాబట్టి జీవితాంతం ఆ ఇంట్లోనే ఉండిపోవాలనే భయం అక్కర్లేదు.

120 దినార్లని చెప్పి 70 ఇస్తున్నారు. తెల్లవారుజాము నుంచి అర్ధరాత్రి దాకా పని. ఏం చేయాలి?

కువైట్‌లో 2015లో ఇంటిపనివాళ్ళ కోసం 68వ నంబరు చట్టం వచ్చింది, దాని కింద 2016లో కనీస జీతం 60 దినార్లుగా పెట్టారు. రోజుకు 12 గంటలకు మించి పని చేయించకూడదు, వారానికి ఒకరోజు సెలవు, ఏడాదికి నెలరోజుల జీతంతో సెలవు, పని మానేసేటప్పుడు ఏడాదికి ఒక నెల జీతం చొప్పున ఇవ్వాలి. ఈ మాటలు ఖద్దామా (ఇంటిపనిమనిషి) పనికి వెళ్ళే ప్రతి ఆడమనిషికీ తెలియాలి, ఎవరూ చెప్పరు. 2021 జూన్‌లో మన దేశం, కువైట్ ఇంటిపనివాళ్ళ మీద ఒప్పందం కూడా చేసుకున్నాయి.

120 అని ఒప్పందంలో రాసి ఉంటే 120 అడిగే హక్కుంది. నోటిమాటే అయితే నిరూపించడం కష్టం. ముందు ఏ నెల ఎంత ఇచ్చారో తేదీలతో ఒక చిన్న పుస్తకంలో రాసుకోమనండి, ఇంటికి పంపిన డబ్బు రసీదులు మీరు దాచండి. తర్వాత ఎంబసీ కార్మిక విభాగానికి, దాని ద్వారా అక్కడి కార్మిక శాఖకు ఫిర్యాదు వెళ్తుంది. మనవాళ్ళు దాన్నే షూన్ అంటారు. జీతం పేచీల్లో ఆ చిన్న పుస్తకమే చాలాసార్లు పని చేసింది.

ఎంబసీకి ఫోన్ చేస్తే ఎవరూ ఎత్తడం లేదు.

ఒకసారి టైము చూసుకోండి. కువైట్, సౌదీ మనకంటే రెండున్నర గంటలు వెనక, ఒమాన్, యూఏఈ గంటన్నర వెనక. మనకు పొద్దున పదైతే కువైట్‌లో ఏడున్నరే. కువైట్‌లో, ఒమాన్‌లో శుక్ర, శనివారాలు సెలవు, ఆదివారం పనిదినం. మన ఇళ్ళల్లో ఆదివారం సెలవనుకుని ఫోన్ చేయరు, శుక్రవారం చేసి ఎత్తలేదని బెంగపడతారు. ఆఫీసు నంబరుకు దొరక్కపోతే ఎంబసీ సైటులో ఎమర్జెన్సీ నంబరు, వాట్సాప్ నంబరు ఉంటాయి. ఇండియా నుంచైతే ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రం టోల్‌ఫ్రీ 1800 11 3090కి చేయండి. తెలుగులో మాట్లాడేవాళ్ళు కావాలని అడగండి.

## కష్టం ముదిరినప్పుడు

మా అమ్మ నుంచి మూడు నెలలుగా ఫోన్ లేదు. ఎక్కడ మొదలుపెట్టాలి?

మొదట చివరిగా మాట్లాడిన తేదీ, ఏ నంబరు నుంచి, ఏం అన్నారు, ఇవి ఒక కాగితం మీద రాయండి. వాయిస్ మెసేజీలుంటే తీసేయకండి. డబ్బు పంపిన ఎక్స్‌చేంజి పేరు రసీదు మీద ఉంటుంది, అది ఏ ఊళ్ళో ఉందో తెలుస్తుంది. తోటి ఊరివాళ్ళు అక్కడుంటే వాళ్ళ ద్వారా వాకబు చేయండి. ఆ తర్వాత ఒకేరోజు మూడు పనులు చేయండి: మదద్ పోర్టల్‌లో ఫిర్యాదు, ఎంబసీకి ఈమెయిల్, సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ. ఎంబసీ యజమానిని సంప్రదిస్తుంది, దొరక్కపోతే అక్కడి పోలీసులకు రాస్తుంది. ఆమె పోలీసుల అదుపులో ఉందో, ఆసుపత్రిలో ఉందో, దేశం దాటి వెళ్ళిందో అక్కడి అధికారుల ద్వారానే తెలుస్తుంది. సమయం పడుతుంది. ప్రతి వారం గుర్తుచేయండి, గుర్తుచేయడం తప్పేం కాదు.

మదద్‌లో ఫిర్యాదు ఎలా పెట్టాలి? దానికి డబ్బు కట్టాలా?

రూపాయి కట్టక్కర్లేదు. విదేశాంగ శాఖ 2015 ఫిబ్రవరిలో మొదలుపెట్టిన పోర్టల్ అది. ఫోన్ నంబరు, ఈమెయిల్‌తో రిజిస్టర్ అయి, మనిషి వివరాలు, దేశం, సమస్య రకం ఎంచుకుని కాగితాల ఫొటోలు పెట్టాలి. ఇంటి దగ్గరున్న బంధువులు పెట్టొచ్చు. ఒక నంబరు వస్తుంది, దాంతో ఎప్పుడైనా ఎక్కడిదాకా వచ్చిందో చూసుకోవచ్చు. ఫిర్యాదు నేరుగా ఆ దేశంలోని మన ఎంబసీకి చేరుతుంది.

రాయడంలో ఒక జాగ్రత్త. "మా అమ్మాయిని హింసిస్తున్నారు, కాపాడండి" అని ఒక్క వాక్యం రాస్తే వాళ్ళకు పని మొదలుపెట్టడానికి ఆధారం ఉండదు. ఏ తేదీన వెళ్ళింది, ఏ వీసా, యజమాని పేరు, ఏ ప్రాంతం, ఎన్ని నెలల జీతం రాలేదు, ఆమెకు ఇప్పుడు ఏం కావాలి, జీతమా, ఇంటికి రావడమా, రెండూనా, ఇవి స్పష్టంగా రాయండి. సొంత ఈమెయిల్‌తోనే పెట్టండి. నెట్ సెంటర్‌వాళ్ళ ఈమెయిల్‌తో పెట్టి, ఎంబసీ అడిగిన ప్రశ్న రెండు నెలలు చూడని కేసులు నా దగ్గరే నాలుగున్నాయి.

వదిన ఆ ఇంట్లో తట్టుకోలేక బయటికి వచ్చేసింది. పారిపోయిందని కేసు పెట్టారట. ఇప్పుడెలా?

బయటికి వచ్చిన మనిషి ఎక్కడికి వెళ్ళిందనేదే ముఖ్యం. నేరుగా మన ఎంబసీకో, అక్కడి కార్మిక శాఖకో వెళ్ళి హింస గురించి చెబితే అది రికార్డవుతుంది, పారిపోయిందనే ఫిర్యాదును ఎదుర్కోవడానికి పనికొస్తుంది. కువైట్‌లో ఎంబసీ ఆడవాళ్ళకు ఉండటానికి చోటు ఇస్తుంది, భోజనం పెడుతుంది. కానీ చాలామంది తెలిసినవాళ్ళ గదికి వెళ్ళి, బయట గంటల లెక్కన పని చేసుకుంటారు. అకామా (అక్కడ ఉండే అనుమతి) గడువు అయిపోతుంది, పోలీసులు పట్టుకుంటే వేలిముద్రలు తీసి పంపేస్తారు, మళ్ళీ ఆ దేశంలోకి రానివ్వరు. కొత్త యజమాని దొరికాడు కదా అని ఆగొద్దు. ఆలస్యమైనా ఎంబసీకి వెళ్ళమనండి. దెబ్బలుంటే ఫొటోలు తీయమనండి, ఆసుపత్రి చీటీ దాచమనండి.

ఔట్‌పాస్ అంటే ఏంటి?

పాస్‌పోర్టు పోయినా, యజమాని దగ్గర ఇరుక్కున్నా ఇండియాకు రావడానికి ఎంబసీ ఇచ్చే ఎమర్జెన్సీ సర్టిఫికెట్‌నే మనవాళ్ళు ఔట్‌పాస్ అంటారు. ఒక్కసారి, ఒక్క వైపు ప్రయాణానికే పనికొస్తుంది. అది ఇవ్వాలంటే మనిషి భారతీయులేనని తేలాలి, పాత పాస్‌పోర్టు కాపీ ఉంటే త్వరగా అవుతుంది. లేకపోతే ఊళ్ళో విచారణ దాకా వస్తుంది. ఔట్‌పాస్ వచ్చినంత మాత్రాన విమానం ఎక్కనివ్వరు, జరిమానాలు, కేసులు, ఎగ్జిట్ అనుమతి అక్కడి ప్రభుత్వం తేల్చాలి.

క్షమాభిక్ష ఇస్తారంటారు కదా, అప్పటిదాకా ఆగమంటారా?

ఆగొద్దు. క్షమాభిక్ష ఎప్పుడిస్తారో ఎవరూ చెప్పలేరు. కువైట్ 2018లో, 2020లో, మళ్ళీ 2024 మార్చి 17 నుంచి ఇచ్చింది. యూఏఈ 2024 సెప్టెంబరు 1 నుంచి ఇచ్చి డిసెంబరు 31 దాకా పొడిగించింది. ఇచ్చినప్పుడు మాత్రం మొదటి వారంలోనే వెళ్ళాలి, చివరి రోజుల్లో ఎంబసీ ముందు క్యూ వీధి దాటుతుంది. క్షమాభిక్ష వీసా గడువు తప్పులకే. అప్పుల కేసులు, క్రిమినల్ కేసులు ఉంటే వర్తించదు.

తమ్ముణ్ణి అక్కడ అరెస్టు చేశారు. ఎంబసీ విడిపించగలదా?

కోర్టు తీర్పును ఎంబసీ మార్చలేదు, ఇది ముందే తెలుసుకుంటే మంచిది. చేయగలిగినవి చాలా ఉన్నాయి. 1963 వియన్నా ఒప్పందం ప్రకారం అరెస్టయిన విదేశీయుడు కోరితే ఆ విషయం అతని ఎంబసీకి తెలియజేయాలి. ఎంబసీ అధికారులు జైలుకెళ్ళి కలవొచ్చు, లాయర్ల జాబితా ఇస్తారు, చేతిలో డబ్బు లేనివాళ్ళకు సంక్షేమ నిధి నుంచి న్యాయ సాయం, చిన్న జరిమానాలు కట్టే వీలుంది. కాబట్టి అరెస్టయినవాళ్ళు "మా ఎంబసీకి చెప్పండి" అని అడగాలి. అర్థం కాని అరబ్బీ కాగితం మీద సంతకం పెట్టొద్దు, అనువాదకుణ్ణి అడగాలి. శిక్ష పడ్డాక మిగిలిన కాలం ఇండియా జైల్లో గడిపే అవకాశం కొన్ని దేశాలతో ఉంది, 2003 నాటి ఖైదీల బదిలీ చట్టం అందుకే వచ్చింది. దానికి ఖైదీ, రెండు ప్రభుత్వాలూ ఒప్పుకోవాలి.

తిరిగి రావడానికి టికెట్ డబ్బుల్లేవు. ప్రభుత్వం ఇస్తుందా?

ప్రతి ఎంబసీలో భారతీయ సమాజ సంక్షేమ నిధి ఉంటుంది. 2009లో మొదలైంది, 2017 సెప్టెంబరులో నిబంధనలు సడలించారు. నిజంగా గతిలేని వాళ్ళకు టికెట్, తాత్కాలిక వసతి, అత్యవసర వైద్యం, మృతదేహం తరలింపు దీన్నుంచి ఇస్తారు. ఊళ్ళో చేసిన అప్పు తీర్చదు, ఏజెంటుకు కట్టింది ఇవ్వదు.

మాది యానాం. ఆంధ్రా సాయం మాకు వర్తిస్తుందా?

గోదావరి ఒడ్డునే ఉన్నా యానాం పుదుచ్చేరి కిందికి వస్తుంది. ఏపీఎన్ఆర్‌టీ సాయం ఆంధ్రప్రదేశ్ వాళ్ళకు ఉద్దేశించింది, మీరు పుదుచ్చేరి పరిపాలన ద్వారా వెళ్ళాలి. ఎంబసీ, మదద్, సంక్షేమ నిధి భారత పౌరులందరివీ, వాటిలో తేడా లేదు. ఫ్రెంచి పౌరసత్వం ఉన్న కుటుంబాలైతే ఆ దేశ కాన్సులేట్‌ను అడగాలి.

## మనిషి పోయినప్పుడు

నాన్న కువైట్‌లో చనిపోయారు. ఇంటికి ఎలా తీసుకురావాలి? ఎన్ని రోజులు పడుతుంది?

ముందుగా ఇక్కడినుంచి కావలసింది ఒకటే, దగ్గరి వారసుల సమ్మతి లేఖ. భార్య, లేకపోతే తల్లిదండ్రులో పిల్లలో ఎవరి పేరు మీద మృతదేహం పంపాలో, ఎవరు అందుకుంటారో రాసి సంతకం చేసి ఎంబసీ చెప్పినట్టు పంపాలి. అక్కడ ఆసుపత్రి రిపోర్టు, మరణ ధ్రువీకరణ, పోలీసు అనుమతి, పాస్‌పోర్టు రద్దు, ఎంబసీ ఎన్ఓసీ, శరీరం పాడవకుండా చేసే ఎంబామింగ్, ఆ తర్వాత విమానం. సహజ మరణమైతే త్వరగానే అవుతుంది. ప్రమాదం, అనుమానం ఉంటే పోలీసు విచారణ ముగిసేదాకా ఆగాలి. ఖర్చు మొదట యజమాని బాధ్యత, కాదంటే ఎంబసీ సంక్షేమ నిధి ఉంది. ఎవరైనా మధ్యలో వచ్చి రెండు లక్షలు కడితే తెప్పిస్తామంటే నమ్మకండి.

2024 జూన్ 12న కువైట్‌లోని మంగఫ్‌లో కార్మికుల భవనం తగలబడి 40 మందికి పైగా భారతీయులు చనిపోయారు. అందులో ముగ్గురు మన రాష్ట్రం వాళ్ళు. రెండు రోజుల్లో వాయుసేన విమానం మృతదేహాలను కొచ్చి తెచ్చింది. అంత వేగం అందరికీ సాధ్యపడదు, ఒక్కొక్క మరణానికి కాగితాలు ఒక్కొక్కటిగా కదలాలి. ఆ రోజుల్లో ఇంటి తరఫున ఒక్కరే మాట్లాడాలి. ఐదుగురు బంధువులు ఐదు రకాలుగా ఫోన్లు చేస్తే ఎంబసీవాళ్ళకు ఎవరి మాట వినాలో తెలీదు.

హైదరాబాద్ ఎయిర్‌పోర్టు నుంచి ఊరికి ఎవరు తెస్తారు?

ఏపీఎన్ఆర్‌టీ సొసైటీ ఉచితంగా అంబులెన్సు ఇస్తుంది, విమానం నంబరు తెలిసిన వెంటనే చెప్పాలి. వలస కార్మికుడి కుటుంబానికి రూ. 50,000 ఎక్స్‌గ్రేషియాకు కూడా అక్కడే దరఖాస్తు చేయాలి. అందుకునే మనిషి ఆధార్, సమ్మతి లేఖ కాపీ దగ్గర ఉంచుకోండి. చిన్న విషయమైనా రాస్తున్నాను: పెట్టె చాలా పొడవుగా, బరువుగా ఉంటుంది. మామిడికుదురు దగ్గర ఒక ఊళ్ళో కాలవ గట్టు మీద అంబులెన్సు తిరగలేక, పెట్టెను కొబ్బరి దుంగల వంతెన మీదుగా పన్నెండు మంది మోసుకెళ్ళారు. రాత్రి రెండు గంటలు, ఫోన్ లైట్లు పట్టుకుని. ముందురోజే దారి చూసి, నలుగురికి చెప్పి ఉంచండి.

కంపెనీ నుంచి రావలసిన పరిహారం ఎలా వస్తుంది?

మిగిలిన జీతం, సర్వీసు డబ్బు, నష్టపరిహారం ఎంబసీ ద్వారా అడిగించాలి. తహసీల్దారు ఇచ్చే కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, అందరు వారసులూ సంతకం చేసిన పవర్ ఆఫ్ అటార్నీ అడుగుతారు. ఆ పత్రాలకు విదేశాంగ శాఖ ధ్రువీకరణ కావాలి. డబ్బు చాలాసార్లు జిల్లా కలెక్టరు ద్వారా వారసులకు అందుతుంది. ధ్రువపత్రంలో పేరు, పాస్‌పోర్టులో పేరు ఒక్క అక్షరం తేడా ఉన్నా ఫైలు వెనక్కి వస్తుంది, ముందే సరిచేయించండి.

## తిరిగి వచ్చాక

ఏజెంటు మీద కేసు పెట్టొచ్చా? ఏమైనా జరుగుతుందా?

పెట్టొచ్చు. రిజిస్ట్రేషన్ లేకుండా మనుషుల్ని పంపడం వలసల చట్టం 10వ సెక్షన్‌కు విరుద్ధం, 24వ సెక్షన్ కింద రెండేళ్ళ దాకా జైలు. మోసం, అక్రమ రవాణా ఉంటే భారతీయ న్యాయ సంహితలోని 318, 143 సెక్షన్లు కూడా వస్తాయి. స్టేషన్‌లో రాసిన అర్జీకి ముద్ర వేసిన కాపీ తీసుకోండి. ఊళ్ళో పెద్దమనుషుల దగ్గర సగం డబ్బు ఇప్పించి సర్దేస్తుంటారు. బాధితుల అవసరం అలాంటిది, నేను తప్పుపట్టను. అయితే రాజీకి సంతకం పెట్టే ముందు అదే ఏజెంటు ఇంకెవరినైనా పంపించడానికి సిద్ధం చేస్తున్నాడేమో కనుక్కోండి. చేస్తుంటే ఆ ఇంటికి మీరే వెళ్ళి మీకు జరిగింది చెప్పండి.

ఔట్‌పాస్ మీద వచ్చాను. మళ్ళీ వెళ్ళొచ్చా?

ముందు కొత్త పాస్‌పోర్టుకు దరఖాస్తు చేయాలి, ఔట్‌పాస్ కాపీ, పాతది పోయిన వివరం పెట్టాలి. పోలీసు విచారణ ఉంటుంది, దాచకుండా చెప్పండి. వేలిముద్రలు తీసి పంపిన దేశానికి నిషేధం ఉన్నంతకాలం వెళ్ళలేరు, వేరే పేరుతో వెళ్ళినా ఎయిర్‌పోర్టులో వేలు పెట్టగానే తెలిసిపోయి అదే విమానంలో తిప్పి పంపుతారు. వేరే దేశానికైతే వెళ్ళొచ్చు. ఈసారి విమానం ఎక్కే ముందు ఒప్పందం కాపీ ఇంట్లో పెట్టి వెళ్ళండి.